మందుల దుకాణం కౌంటరు వద్ద: చిన్న జబ్బులు, స్వీయ చికిత్స, ఫార్మసిస్టు సలహా

పరిచయం

సికింద్రాబాద్‌కు ఈశాన్యాన ఉన్న సైనిక్‌పురిలో సాయంత్రం ఆరు దాటాక ఏ మెడికల్ షాపు ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. ఒకరు "జలుబుకి ఏదైనా ఇవ్వండి" అంటారు. ఇంకొకరు "గ్యాస్ బిళ్ల రెండు" అంటారు. మరొకరు మాట్లాడకుండా ఖాళీ స్ట్రిప్పు చూపించి, రెండు వేళ్లెత్తుతారు. చేతిలో డాక్టరు రాసిన చీటీ ఉన్నవారు వీరిలో కొందరే. ఇలా రోగి తన జబ్బు ఏమిటో తానే నిర్ణయించుకుని, మందు తానే ఎంచుకోవడాన్ని స్వీయ చికిత్స అంటాం. విశ్రాంతి తీసుకోవడం, నీళ్లు ఎక్కువగా తాగడం, గాయం కడుక్కోవడం, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో తెలుసుకుని ఉండటం ఇవన్నీ కలిసినది స్వీయ సంరక్షణ. స్వీయ చికిత్స అందులో ఒక భాగం మాత్రమే.

స్వీయ చికిత్స తప్పని చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. మామూలు రొంపకు, తలనొప్పికి అందరూ ఆసుపత్రికి వెళ్లాలంటే రోగులూ నష్టపోతారు, ఆసుపత్రులూ పనిచేయలేవు. అయితే కౌంటరు మీద మందు చేతులు మారే ఆ అర నిమిషంలో ఒక సంభాషణ జరగాలి. అది జరగకపోతే ఏమవుతుంది, జరిగితే ఎలా ఉంటుంది అన్నది ఇక్కడ పరిశీలిద్దాం.

ఉదాహరణకు సైనిక్‌పురినే తీసుకోవడానికి కారణం ఉంది. పేరులోనే ఉన్నట్టు ఇది మాజీ సైనికుల కోసం ఏర్పడిన కాలనీ. ఇక్కడ పెద్ద వయసువారు ఎక్కువ. వారిలో చాలామందికి బీపీ, షుగరు, గుండె మందులు 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం, అంటే ఈసీహెచ్‌ఎస్, పాలిక్లినిక్‌ల ద్వారా అందుతాయి. వీధి చివరి మెడికల్ షాపుకు వారు వచ్చేది జలుబుకో, మోకాళ్ల నొప్పికో మాత్రమే. అంటే రోజూ వేసుకునే మందుల సంగతి ఒక చోట తెలుసు, అప్పటికప్పుడు కొనే మందు మరో చోట దొరుకుతుంది. ఈ రెండింటినీ కలిపి చూసే మనిషి లేకపోతే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కార్మిక బీమా డిస్పెన్సరీలో మందులు తెచ్చుకునే కుటుంబానికైనా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి తెచ్చుకునే ఊరివారికైనా ఇదే వర్తిస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

చీటీ లేకుండా అమ్మదగిన మందులను 'ఓవర్ ది కౌంటర్' మందులు, పొట్టిగా ఓటీసీ మందులు అంటారు. బ్రిటన్‌లో మందులు చట్టరీత్యా మూడు తరగతులు: ఏ దుకాణంలోనైనా అమ్మగలిగేవి, ఫార్మసిస్టు ఉన్నచోటే అమ్మవలసినవి, డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వవలసినవి. మన దేశంలో అలాంటి స్పష్టమైన ఓటీసీ తరగతి లేదు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద 1945లో వచ్చిన నియమావళి మందులను షెడ్యూళ్లుగా విభజించాయి. హెచ్, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్లలోని మందులకు చీటీ తప్పనిసరి. షెడ్యూల్ జి మందులపై వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండాలి. వీటిలో చేరనిది ఏదైనా లైసెన్సు ఉన్న దుకాణం చీటీ లేకుండా అమ్మవచ్చు. అంటే మన దగ్గర ఓటీసీ అంటే జల్లెడలో మిగిలినది, ఎవరో కూర్చుని ఎంపిక చేసిన జాబితా కాదు. 2022 మేలో కేంద్ర ప్రభుత్వం పదహారు మందులతో ఒక ముసాయిదా విడుదల చేసింది. పారాసిటమాల్ 500, క్లోట్రిమజోల్ పూత, పోవిడోన్ అయోడిన్ వంటివి అందులో ఉన్నాయి. అయిదు రోజులకు మించి ఇవ్వకూడదనీ, అప్పటికీ తగ్గకపోతే డాక్టరును కలవాలనీ షరతు కూడా పెట్టారు. మందుల పేర్ల కన్నా ఆ షరతును గుర్తుపెట్టుకోండి.

ఇక వాస్తవం చూద్దాం. గ్యాస్‌కని కొనే పాంటోప్రజోల్, ఒళ్లు నొప్పులకని కొనే డైక్లోఫెనాక్ మాత్ర, గొంతు నొప్పికని కొనే అజిత్రోమైసిన్ మన ప్రాంతంలో చాక్లెట్లలా అమ్ముడవుతున్నాయి. మూడూ షెడ్యూల్ హెచ్ మందులే. కౌంటరు మీద దొరికినంత మాత్రాన అది ఓటీసీ మందు అయిపోదు. స్ట్రిప్పు తిప్పి చూస్తే మీకే తెలుస్తుంది. చీటీ మీద ఇవ్వవలసిన మందు పేరు దగ్గర 'ఆర్‌ఎక్స్' గుర్తు ఉంటుంది. హెచ్1 మందుల మీద ఆ గుర్తు ఎర్ర రంగులో, హెచ్చరిక ఎర్ర గీతల పెట్టెలో ఉంటాయి. యాంటీబయాటిక్‌ల దుర్వినియోగం మీద 2016లో కేంద్రం ప్రచారం చేసినప్పటి నుంచి స్ట్రిప్పుల మీది నిలువు ఎర్ర గీత గురించి మీరు వినే ఉంటారు. చిక్కంతా కత్తిరించి ఇచ్చే రెండు మాత్రలతోనే. పేరు ఒక ముక్కలో ఉండిపోతుంది, గడువు తేదీ మరో ముక్కలో పోతుంది. పేరు, తేదీ ఉన్న వైపు నుంచే కత్తిరించి ఇమ్మని అడగండి.

1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టుదే. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి సలహా చెప్పడాన్ని కూడా ఆ వృత్తిలో భాగం చేశాయి. గోడ మీద ఉన్న సర్టిఫికెట్టు ఒకరిది, కౌంటరు వెనుక నిలబడింది మరొకరు అన్న పరిస్థితి ఉందని నాకు తెలియక కాదు. అందుకే "ఫార్మసిస్టు గారు ఉన్నారా, ఒక మాట అడగాలి" అనే అలవాటు చేసుకోండి. అడిగేవారు పెరిగితే ఆ కుర్చీ ఖాళీగా ఉండటం కష్టమవుతుంది.

అయిదు ప్రశ్నలు

మంచి ఫార్మసిస్టు మందు తీయడానికి ముందు అయిదు సంగతులు తెలుసుకుంటాడు. మందు ఎవరికి? ఇబ్బంది ఏమిటి? ఎన్నాళ్ల నుంచి? ఇప్పటికే ఏం వాడారు? రోజూ వేసుకునే మందులు ఏమిటి? ఈ చివరి ప్రశ్న ఎంత ముఖ్యమో చూడటానికి ఒక సన్నివేశం ఊహించండి. డెబ్బై దాటిన ఒక మాజీ సైనికుడు దుకాణానికి వచ్చాడు.

"జలుబు మాత్ర ఇవ్వు బాబూ, రెండు చాలు."

"మీకేనా సార్?"

"నాకే. ముక్కు దిబ్బడేసి రాత్రంతా నిద్ర లేదు. నిన్నటి నుంచే."

"జ్వరం, ఆయాసం ఏమైనా ఉన్నాయా?"

"అవేం లేవు."

"రోజూ వేసుకునే మందులు?"

"అవి పాలిక్లినిక్‌లో ఇస్తారు. బీపీకొకటి, రాత్రిళ్లు మూత్రానికి లేవకుండా ఒకటి. వాటికీ దీనికీ ఏం సంబంధం?"

సంబంధం చాలా ఉంది. మార్కెట్లో దొరికే జలుబు మాత్రల్లో సాధారణంగా మూడు మందులు కలిసి ఉంటాయి. ముక్కుదిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి బీపీ పెరగవచ్చు. ముక్కు కారడం ఆపే క్లోర్‌ఫెనిరమిన్ మగత తెస్తుంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవారిలో అది మూత్రాన్ని పూర్తిగా బిగబట్టేయవచ్చు. మూడోది పారాసిటమాల్. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఫరవాలేని మాత్ర ఈ పెద్దాయనను అర్ధరాత్రి ఆసుపత్రి పాలు చేయగలదు. ఇక్కడ ఫార్మసిస్టు ఇవ్వవలసినది ఉప్పునీటి ముక్కు చుక్కలు, ఒళ్లు నొప్పులుంటే పారాసిటమాల్ ఒక్కటే, దాంతోపాటు నాలుగైదు రోజుల్లో జలుబు దానంతట అదే తగ్గుముఖం పడుతుందన్న మాట. బేరం చిన్నదవుతుంది. కానీ మందు అమ్మకపోవడం కూడా ఫార్మసిస్టు నైపుణ్యంలో భాగమే.

ముక్కుదిబ్బడకు వాడే ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ చుక్కల గురించి ఒక్క మాట. మొదటి రోజు అద్భుతంగా పనిచేస్తాయి. వరుసగా వారం వాడితే చుక్క వేయకపోతే ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. మూడు నుంచి అయిదు రోజుల దగ్గర ఆపేయాలి.

చిన్నపిల్లల విషయం వేరు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని దేశ ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాఢా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు చెడిపోయి మరణించారు. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసినట్టు పరీక్షల్లో తేలింది. ఆ తరువాత కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దనీ, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా అవి అవసరం లేదనీ సూచించింది. ఏడాది దాటిన పిల్లలకు దగ్గు ఉపశమనానికి చెంచాలో సగం తేనె చాలు. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా వద్దు, దానిలో ఉండగల ఒక బాక్టీరియా వల్ల వారికి బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వస్తుంది.

జ్వరం: పారాసిటమాల్ లెక్క

పారాసిటమాల్ చాలా భద్రమైన మందు. అందుకే దాని విషయంలో అజాగ్రత్త ఎక్కువ. పెద్దవారికి ఒక మోతాదు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. రోజు మొత్తంలో 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. బరువు తక్కువున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, రోజూ మద్యం తాగేవారికి ఈ హద్దు ఇంకా తక్కువ.

ఇప్పుడు కాగితం తీసుకుని లెక్క వేయండి. జ్వరానికి 650 మాత్ర రోజుకు నాలుగు సార్లు వేసుకుంటే 2600. అదే రోజు జలుబు మాత్ర మూడు సార్లు వేసుకుంటే, దానిలో ఒక్కొక్కదానికి 500 చొప్పున 1500. మొత్తం 4100. ఆ మనిషి తాను జ్వరానికొకటి, జలుబుకొకటి, రెండు వేర్వేరు మందులు వేసుకున్నానే అనుకుంటాడు. ఇక మూడోదిగా ఒళ్లు నొప్పుల మాత్ర చేరితే, వాటిలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. హద్దు దాటినప్పుడు దెబ్బతినేది కాలేయం. మొదటి రోజు వాంతి, వికారం తప్ప ఏమీ తెలియకపోవచ్చు, అసలు నష్టం రెండు మూడు రోజులకు బయటపడుతుంది. కాబట్టి పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండు పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి.

పిల్లలకు మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు ఒకసారికి 100 నుంచి 150. సిరప్‌లు 5 మిల్లీలీటర్లకు 120 అని కొన్ని, 250 అని కొన్ని వస్తాయి. మొదటిదైతే అయిదు మిల్లీలీటర్లు సరిపోతుంది. రెండోది అంతే పోస్తే మోతాదు రెట్టింపు దాటిపోతుంది. వంటింటి చెంచా వాడకుండా సీసాతో వచ్చిన గీతల మూతతోనే కొలవాలి. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు.

వానాకాలంలో మన నగరంలో జ్వరం అనగానే డెంగీని కూడా తలచుకోవాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, రక్తస్రావం అయ్యే ముప్పు ఉంటుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఆ ముప్పును పెంచుతాయి. కాబట్టి కారణం తేలని జ్వరానికి పారాసిటమాల్ తప్ప మరో నొప్పి మాత్ర వద్దు. జ్వరం తగ్గాక తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. డెంగీలో కష్టకాలం తరచుగా జ్వరం దిగిన తరువాతే వస్తుంది.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్‌ల గురించి సైనిక్‌పురి వంటి చోట మరో హెచ్చరిక కూడా అవసరం. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రతో పాటు మూత్రం ఎక్కువగా వెళ్లేలా చేసే మాత్ర కూడా వేసుకునేవారు మోకాళ్ల నొప్పికి వీటిని కలుపుకుంటే మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. వారికి పైపూత మేలు. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన నాటి నుంచి తెలుగిళ్లలో బామ్‌కు లోటు లేదు. అయితే పూత మందులకూ హద్దులున్నాయి. కర్పూరం, నీలగిరి తైలం ఉన్నవి పసిపిల్లల ముక్కు దగ్గర రాయకూడదు, పిల్లలు మింగితే విషం. వింటర్‌గ్రీన్ తైలం ఉన్నవి ఎక్కువగా రుద్దితే రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవారికి మంచిది కాదు.

నీళ్ల విరేచనాలు: ఓఆర్‌ఎస్ అంటే ఏది?

ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదవండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. దీని వెనుక ఉన్న సూత్రం తేలిక. విరేచనాలప్పుడు కూడా పేగు గోడలో సోడియంను, గ్లూకోజును కలిపి లోపలికి తీసుకునే ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. ఆ రెండూ వెళ్తే వాటి వెంట నీరు వెళ్తుంది. అయితే రెండూ సరైన పాళ్లలో ఉండాలి. చక్కెర మితిమీరితే అది పేగులోనే ఉండిపోయి, ఒంట్లోని నీటిని తనవైపు లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసిన పాళ్లు ఇవి: లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజు 13.5. మొత్తం 20.5 గ్రాములు. మెడికల్ షాపుల్లో ఏళ్ల తరబడి ఈ పొడి పక్కనే, 'ఓఆర్‌ఎస్' అన్న అక్షరాలు పేరులో పెట్టుకున్న పండ్ల రుచి పానీయాలు అట్టడబ్బాల్లో అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ, లవణాలు తక్కువ. విరేచనాలవుతున్న బిడ్డకు తల్లి "ఓఆర్‌ఎస్ ఇవ్వండి" అని సరిగ్గానే అడిగింది. చేతికి వచ్చింది మరొకటి. దీనిపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు, న్యాయస్థానం మెట్లెక్కారు. చివరికి 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో 'ఓఆర్‌ఎస్' అన్న మాట వాడకూడదని ఆదేశించింది. అంతకు ముందు ఇచ్చిన సడలింపులను ఉపసంహరించింది. నా దృష్టిలో ఈ వ్యవహారంలో అందరికన్నా ముందు అడ్డుపడగలిగిన మనిషి కౌంటరు వెనుక ఉన్న ఫార్మసిస్టే. "బిడ్డకు విరేచనాలా? అయితే ఇది కాదమ్మా, ఈ పొడి తీసుకోండి" అన్న ఒక్క వాక్యం చాలేది.

పొడి సరైనదే కొన్నా కలపడంలో పొరపాటు జరుగుతుంది. లీటరు ప్యాకెట్టు, గ్లాసు నీళ్లకు సరిపడే చిన్న ప్యాకెట్టు రెండూ దొరుకుతాయి. లీటరు పొడిని గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని. ప్యాకెట్టులో సగం ఇప్పుడు, సగం తరువాత అని కలపకూడదు. కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం కలిపి, 24 గంటల తరువాత మిగిలింది పారబోయాలి. రెండేళ్ల లోపు వారికి ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు ఆగాక కూడా దాన్ని కొనసాగించడమే కష్టం. విరేచనాలు కట్టే లోపెరమైడ్ పిల్లలకు వద్దు. రక్తం పడుతుంటే పెద్దలకూ వద్దు. బిడ్డ కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, తాగలేకపోతున్నా ఇది ఇక ఇంటి వైద్యం పరిధి కాదు.

గ్యాస్, తామర, ఆగని దగ్గు

తెలుగులో 'గ్యాస్' అన్న మాట చాలా బరువు మోస్తుంది. పుల్లటి త్రేన్పులు, కడుపుబ్బరం, ఛాతీలో మంట, ఛాతీలో నొప్పి అన్నీ గ్యాసే. తిన్న తరువాత అప్పుడప్పుడు వచ్చే మంటకు యాంటాసిడ్ చాలు. దానికీ ఐరన్ మాత్రకూ, కొన్ని యాంటీబయాటిక్‌లకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. కానీ యాభై దాటిన మనిషి, ముఖ్యంగా షుగరున్న మనిషి, చెమటలు పడుతూ వచ్చి ఛాతీ బిగదీస్తోంది, దవడకో ఎడమ చేతికో లాగుతోంది అంటే అది గ్యాస్ కాదనే అనుకోవాలి. షుగరున్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండా ఆయాసంతో, నీరసంతో కూడా రావచ్చు. అక్కడ చేయవలసిన పని 108కు ఫోను చేయడం.

తొడల మధ్య, నడుము చుట్టూ వచ్చే తామరకు క్లోట్రిమజోల్ వంటి శిలీంధ్ర నాశక పూతను దురద పోయాక కూడా చెప్పినన్ని వారాలు రాయాలి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్ వంటి స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రెండు రోజుల్లో దురద తగ్గిస్తాయి, తామరను మాత్రం లోపల పెంచుతాయి. వాటిని 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు.

దగ్గు రెండు వారాలు దాటితే సిరప్ మార్చడం కాదు, కఫం పరీక్ష చేయించాలి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. నగరంలో ఉన్నవారు ముందుగా దగ్గరలోని బస్తీ దవాఖానాకు వెళ్లి అడగవచ్చు.

అభ్యాసం

మీ ఇంట్లో మందులు దాచే డబ్బా, బిస్కెట్ల టిన్ను అయినా సరే, బల్ల మీద బోర్లించండి. ఒక్కొక్క స్ట్రిప్పు మీద మందు అసలు పేరు, గడువు తేదీ, 'ఆర్‌ఎక్స్' గుర్తు ఉందా లేదా అన్నవి ఒక కాగితం మీద రాయండి. పారాసిటమాల్ ఎన్ని పేర్లతో ఉందో లెక్కపెట్టండి. నేను మా ఇంట్లో ఈ పని చేసినప్పుడు నాలుగు పేర్లు తేలాయి. నేను ఫార్మకాలజీ పాఠాలు చెప్పినవాణ్ని! పేరు కత్తిరించిపోయిన మాత్రలు, గడువు దాటినవి, సగం వాడి వదిలేసిన యాంటీబయాటిక్‌లు వేరు చేయండి. తరువాత ఇంట్లో ఒక్కొక్కరు రోజూ వేసుకునే మందుల పేర్లు, మోతాదులు మరో కాగితం మీద రాసి, దాని ఫొటో మీ ఫోనులో ఉంచుకోండి. ఈసారి మెడికల్ షాపుకు వెళ్లినప్పుడు అడగకపోయినా దాన్ని చూపించి, ఫార్మసిస్టు ఏం చెప్పారో రాసుకుని అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి.